ఒప్పందం మీరితే అడిగేదెలా?

గోదావరి పెరిగిందంటే భద్రాచలంలో కరకట్ట తూములు (స్లూయిస్‌లు) మూసేస్తారు. అప్పుడు ఊళ్లో పడిన వాన నదిలోకి పోయే దారి లేక కట్ట లోపలే నిలిచిపోతుంది, మోటార్లు పెట్టి తోడాల్సిందే. దిగువన పోలవరం ప్రాజెక్టులో నీళ్లు 150 అడుగుల మట్టాన నిలబడితే ఈ తోడటం ఎన్ని రోజులు సాగాలన్నది ఇంజనీర్లతోపాటు చట్టమూ తేల్చాల్సిన సంగతి. ఆ మట్టం 1980 ఏప్రిల్ 2న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా కుదుర్చుకున్న ఒప్పందంలోనిది. గోదావరి జలాల తగాదా తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ దాన్ని తన అవార్డులో చేర్చింది. అప్పటి లెక్క 36 లక్షల క్యూసెక్కుల వరద. స్పిల్‌వేను మాత్రం 50 లక్షలకు కట్టారు. ఇది ఒప్పందాన్ని మీరడమేనని ఒడిశా, మట్టం మారలేదు, భద్రత కోసమే సామర్థ్యం పెంచామని ఆంధ్రప్రదేశ్ అంటున్నాయి.

మీరినట్టు తేలితే ఏమవుతుంది? 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టాన్ని 2002లో సవరించాక ట్రైబ్యునల్ నిర్ణయానికి సుప్రీంకోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది. నదీజలాల తగాదాల్లో కోర్టులు జోక్యం చేసుకోకూడదని అదే చట్టం 11వ సెక్షన్ చెబుతోంది కదా అని కొందరి అభ్యంతరం. నీటి వాటాల తగాదాకు అది సరే. ఇచ్చిన అవార్డును అమలు చేయడం లేదన్న ఫిర్యాదు వేరని, దాన్ని వినవచ్చని ఆలమట్టి ఆనకట్ట కేసులో 2000లో సుప్రీంకోర్టే చెప్పింది. పోలవరంపై ఒడిశా 2007లో సుప్రీంకోర్టులో దావా వేసింది. దేశాల మధ్య ఒప్పందం మీరితే ఏం చేయాలో అంతర్జాతీయ న్యాయమూ చెబుతుంది: తప్పు ఆపాలి, మునుపటి స్థితి తేవాలి, కుదరకపోతే పరిహారం ఇవ్వాలి. అయితే పరిహారం దక్కాలంటే నష్టం రుజువు కావాలి. నా దృష్టిలో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పోలవరం లేని 1986లోనే భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3కు వచ్చింది. కాబట్టి ప్రతి వరదనూ ప్రాజెక్టు మీదికి నెట్టలేం. అందుకే కొలత కావాలి. సహజ వరద ఎంతవరకు వస్తుంది, వెనక్కి తన్నే నీళ్లు దానికి ఎంత కలుపుతాయి అన్నది రాళ్లు పాతి గుర్తించకపోతే రేపు ఏ కోర్టుకైనా చూపించడానికి ఏమీ ఉండదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. పునర్విభజన చట్టం 90వ సెక్షన్ ప్రాజెక్టుకు తెలంగాణ సమ్మతి ఇచ్చినట్టే భావించింది. ఆ సమ్మతి ప్రాజెక్టు కట్టడానికే తప్ప పరిహారం లేకుండా ముంచడానికి కాదు. జలాశయం పూర్తిగా నింపకముందే రాష్ట్రాలన్నీ కలిసి, గ్రామసభల ఎదుట, ఉమ్మడి సర్వే చేయాలి.