ఎపాక్సీ మాసిక మీద పాలిష్: అపోహలు – వాస్తవాలు

పాత టేకు బల్లలో ముడి ఊడిన చోటో, తలుపు చెక్క పగిలిన చోటో ఎపాక్సీ నింపడం ఇప్పుడు మామూలైపోయింది. లప్పంలా కుంగదు, రాలిపోదు. చిక్కంతా ఆ తర్వాత పాలిష్ దగ్గర వస్తుంది. చెక్కకు చేసినట్టే దానికీ చేస్తే చాలన్న నమ్మకం వల్ల ఎన్నో మంచి సామాన్ల మీద మచ్చలు పడుతున్నాయి.

అపోహ: రంపపు పొట్టు కలిపితే ఎపాక్సీ కూడా చెక్కలాగే రంగు పట్టుకుంటుంది.

రంగును పీల్చుకునేవి చెక్కలోని సన్నని రంధ్రాలు. గట్టిపడిన ఎపాక్సీలో అవి ఉండవు. కలిపిన పొట్టు కూడా అందులోనే మునిగి ఉంటుంది కాబట్టి, పైన రాసిన స్టెయినర్ (చెక్కకు వేసే రంగు) గుడ్డతో తుడవగానే వచ్చేస్తుంది. పైగా పొట్టు కలిపిన ముద్ద తడిసిన చెక్కలా ముదురుగా మారి, అలాగే నిలిచిపోతుంది. అందుకే రంగేదైనా పోయకముందే ఎపాక్సీలో కలపాలి. పక్కనున్న చెక్కను టర్పెంటైన్ గుడ్డతో తుడిచి చూస్తే, పాలిష్ తర్వాత వచ్చే రంగు దాదాపుగా తెలుస్తుంది. దానికి సరిపోల్చుకోండి. ముడి ఊడిన గుంటకైతే చెక్క రంగు కోసం తంటాలు పడొద్దు, నలుపు కలిసిన ముదురు గోధుమరంగు వేయండి. ముడి ఎలాగూ నల్లగానే ఉంటుంది. లేత మాసికే ఎప్పుడూ కంటికి కొడుతుంది.

స్టెయినర్ వేసేవాళ్లు మరొకటి గమనించాలి. ఎపాక్సీ పగులు అంచుల నుంచి చుట్టుపక్కల చెక్కలోకి ఇంకుతుంది. ఇంకిన మేర రంగు పట్టక లేత వలయం తేలుతుంది. పోయకముందే గుంట లోపలా చుట్టూ పలచని లక్క పాలిష్ ఒక పూత వేస్తే ఆ ఇంకడం తగ్గుతుంది, చెక్కలోంచి గాలి బుడగలూ పెద్దగా రావు. పైన మిగిలిన లక్కను ఎపాక్సీతో పాటే రుద్ది తీసేయవచ్చు.

అపోహ: అయిదు నిమిషాల ఎపాక్సీ మీద గంటలో పాలిష్ చేయొచ్చు.

ఆ 5 నిమిషాలు బిగుసుకోవడం మొదలయ్యే సమయం మాత్రమే. నెమ్మదిగా గట్టిపడే రకాలకు పూర్తి బలం రావడానికి వారం దాకా పట్టవచ్చు. గోటితో నొక్కితే గుర్తు పడినా, ఎమ్రీ కాగితానికి జిగురుగా అంటుకున్నా ఇంకా ఆగాలి. పొడిగా రాలితేనే పాలిష్‌కు సిద్ధమైనట్టు. త్వరగా ఆరుతుందని, ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ ఎక్కువ పోసేవారున్నారు. కొలత తప్పితే ఎపాక్సీ ఎన్నాళ్లకూ సరిగ్గా గట్టిపడదు.

అపోహ: గట్టిపడ్డాక ఎమ్రీతో రుద్దితే చాలు, పాలిష్ పట్టేస్తుంది.

వానాకాలంలో, సముద్రతీరపు ఊళ్లలో ఈ నమ్మకం తరచూ దెబ్బతీస్తుంది. కొన్ని రకాల హార్డెనర్‌లోని అమైన్, గాలిలోని తేమతోనూ బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి పైన మైనంలాంటి జిడ్డు పొర కడుతుంది. ఉత్త ఎమ్రీతో రుద్దితే ఆ జిడ్డు పాకుతుంది. దాని మీద వేసిన పూత సరిగ్గా ఆరదు, గుంటలు పడుతుంది, పొరలుగా లేస్తుంది. ఆ పొర నీళ్లలో కరుగుతుంది, కాబట్టి థిన్నర్‌తో పని లేదు. గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే పచ్చ పీచు ముంచి మాసిక వరకే తోమి, తుడిచి, బాగా ఆరాక 180, 220 నంబరు కాగితాలతో రుద్దండి. పైపూత ఆ గరుకునే పట్టుకుని నిలుస్తుంది. లక్క పాలిష్, మెలమైన్, పీయూ (పాలీయూరిథేన్) ఏదైనా ఇలా సిద్ధం చేసిన మాసిక మీద నిలబడుతుంది. నూనె పాలిష్ మాత్రం చెక్కలోకి ఇంకి, మాసిక మీద జిగటగా మిగిలిపోతుంది. వెంటనే తుడిచేయాలి, అప్పుడు కూడా మెరుపులో తేడా తెలుస్తుంది.

వీధి తలుపు విషయంలో పీయూ పూశాం కదా, మాసిక పసుపెక్కదని అనుకోకండి. ఎండకు ఎపాక్సీ రంగు మారుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే బయటి రకం పూత దాన్ని ఆలస్యం చేస్తుంది, పూర్తిగా ఆపలేదు. ముదురు రంగు కలిపిన మాసికలో ఆ మార్పు తక్కువగా కనబడుతుంది. భోజనాల బల్ల మీద మాసికకైతే వేడి గిన్నెలతోనే ప్రమాదం. గదిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీలు చాలావరకు 50–60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడతాయి, పైనున్న ఏ పాలిషూ ఆ వేడిని ఆపదు.