రోడ్డు మీద తిరిగే కారు రేసులోకి వెళ్ళాలంటే

పోయిన సంచికలో ఇంజను గురించి రాసిన తర్వాత తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు నన్ను మెస్ దగ్గర పట్టుకుని ఒక ప్రశ్న వేశారు. "అన్నా, రేసు కార్లు కంపెనీలోనే అలా తయారవుతాయా, లేక మామూలు కారుని రేసు కారుగా మార్చొచ్చా?" మార్చొచ్చు. టీవీలో కనిపించే ఫార్ములా వన్ కార్ల సంగతి వేరు. అవి పుట్టడమే రేసు కోసం పుడతాయి. నేను చెప్పబోయేది వారమంతా ఉద్యోగం చేసుకుని, సెలవు రోజున సొంత డబ్బు పెట్టుకుని పోటీకి వెళ్ళేవాళ్ళ కార్ల గురించి. వీళ్ళకి జీతం ఉండదు. గెలిస్తే ఒక చిన్న కప్పు, నలుగురిలో పేరు, అంతే.

ముందుగా మా డార్మిటరీలో ఒక్కొక్కరినీ అడిగాను, రేసు కారు చెయ్యాలంటే మొదట ఏం మార్చాలి అని. దాదాపు అందరూ "ఇంజను పెద్దది పెట్టాలి" అన్నారు. ఒకడైతే సైలెన్సర్ పీకేస్తే చాలన్నాడు. నిజానికి మంచి క్లబ్బు రేసుల్లో ఇంజను జోలికి పోనే కూడదు. డబ్బూ, శ్రమా అన్నీ మొదట రెండు పనులకి పోతాయి. ఒకటి కారు ఆగడం, రెండోది లోపలి మనిషి బతకడం. సెలవుల్లో విశాఖలో మా మామయ్య పనిచేసే షెడ్డులో చూసింది కొంత, కంప్యూటరు ల్యాబులో సారు దగ్గరుండి చదివించిన క్లబ్బు నియమాల పుస్తకం కొంత, కలిపి రాస్తున్నాను.

ఉదాహరణకి ఒక కారు తీసుకుందాం. జపాను మాజ్డా కంపెనీ వాళ్ళు 1989లో మియాటా అనే చిన్న కారుని అమెరికాలో విడుదల చేశారు. చాలా దేశాల్లో దాని పేరు ఎం.ఎక్స్-5. రెండే సీట్లు, బట్ట టాపు, ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు. మొదటి ఇంజను 1.6 లీటర్లు, 116 గుర్రాల శక్తి. మన పాత మారుతి 800తో పోలిస్తే దాదాపు మూడింతలన్నమాట. బరువు టన్నుకి కాస్త తక్కువ. 2016 నాటికి ఈ కార్లు పది లక్షలు తయారయ్యాయి. అంత ఎక్కువగా ఉన్నాయి కాబట్టే సెకండ్ హ్యాండులో చవకగా దొరికాయి, విడిభాగాలూ దొరికాయి. అమెరికాలో 1944లో మొదలైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అనే సంఘం ఉంది. ఆ సంఘం పోటీల్లో ఈ కార్లకే ప్రత్యేకంగా స్పెక్ మియాటా అనే తరగతి ఉంది. అందరికీ ఒకే రకం స్ప్రింగులు, ఒకే రకం షాకబ్జర్లు, ఒకే రకం టైర్లు. ఇంజను కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. కనీస బరువు కూడా నిర్ణయిస్తారు, అదీ డ్రైవరు కూర్చున్నాక తూచి. బక్కోడికి లాభం లేదు! డబ్బున్నవాడు ఇంజను మీద కుమ్మరించి గెలవకుండా ఇలా పెట్టారు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది.

ఇక పని ఎలా మొదలవుతుందో చూద్దాం. మొదటి పని తీసెయ్యడం. కార్పెట్లు, పక్క సీటు, స్టెప్నీ, జాకీ, పాటల డబ్బా, తలుపు లోపలి అట్టలు అన్నీ పోతాయి. కాలే వస్తువు ఎంత తగ్గితే అంత మంచిది కూడా. నేల రేకు మీద చప్పుడు వినపడకుండా కంపెనీ వాళ్ళు తారు లాంటి పొర అంటిస్తారు. దాన్ని ఉలితో గీకితే రోజులు పడుతుంది. అందుకని డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, దాని మీద పరుస్తారు. మైనస్ 78 డిగ్రీల చలికి ఆ తారు బెల్లం పాకం అచ్చులాగ పెళుసుబారిపోతుంది. సుత్తితో తడితే పెంకుల్లా ఊడొస్తుంది. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, తలుపులు మూసిన గదిలో చెయ్యకూడదు. ఆ వాయువుతో గది నిండితే ఊపిరాడదు.

స్టీరింగు తాళం కూడా తీసేస్తారు. తాళం చెవి తీస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది కదా, దొంగల కోసం పెట్టింది. పరుగులో అది బిగుసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బ్రేకుల దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్క చెయ్యక తప్పదు, ఫిజిక్స్ సారు నేర్పిందే. వెయ్యి కిలోల కారు గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, అంటే సెకనుకి 44 మీటర్ల పైచిలుకు. మలుపు కోసం దాన్ని 80కి తగ్గించాలి. వేగం సగమే తగ్గింది కానీ గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నాలుగింట మూడు వంతులు పోవాలి. లెక్కిస్తే సుమారు 7 లక్షల 40 వేల జౌళ్ళు వస్తుంది. ఆ శక్తి అంతా వేడై పోవాల్సిందే. అది రెండున్నర లీటర్ల మామూలు నీళ్ళని మరుగుకి తెచ్చేంత వేడి! మన వంట రాజులన్న పొయ్యి మీద అంత నీళ్ళు మరిగించడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఇక్కడ మూడు సెకన్లలో అంత వేడి నాలుగు బ్రేకు డిస్కుల్లోకి దిగుతుంది. అదీ ఒక్కసారి కాదు, చుట్టు చుట్టుకీ ప్రతి పెద్ద మలుపు దగ్గరా.

ఇది మనకి తెలియని విషయం కాదు. అనంతగిరి ఘాట్ దిగే లారీల దగ్గర వచ్చే మాడు వాసన మీరందరూ చూసిందే. అది లైనింగ్ వేడెక్కిన వాసన. మా ఊరికి సంత నుంచి వచ్చే జీపు ఒకసారి దిగుడులో పెడల్ నేలకి అంటుకుపోయింది. డ్రైవరు గట్టు వైపుకి తిప్పి ఆపాడు కాబట్టి అందరూ కాళ్ళతో దిగారు. పెడల్ ఎందుకు మెత్తబడిందని మా మామయ్యని అడిగితే చెప్పాడు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త ఆయిల్, డాట్ 3 రకం, కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన తర్వాత అదే 140కే మరగొచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు. ద్రవం నొక్కుడుకి లొంగదు, ఆవిరి లొంగుతుంది. కాబట్టి ఎంత తొక్కినా ఆ తొక్కుడు బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. "అందుకే ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల్రా" అన్నాడు మామయ్య. రేసు వాళ్ళు 300 డిగ్రీలు దాటినా మరగని ఆయిల్ పోస్తారు, అదీ తరచూ మార్చేస్తారు. ప్యాడ్లు కూడా వేడికి తట్టుకునేవి వేస్తారు. ఆ ప్యాడ్లు చల్లగా ఉంటే సరిగా పట్టవు. అందుకని ఊళ్ళో తిరగడానికి అవి పనికిరావు.

టైర్లు, షాకబ్జర్ల గురించి ఎక్కువ చెప్పను. గట్టి స్ప్రింగులు వేసి కారుని కిందికి దింపుతారు. చక్రాల పైభాగం లోపలికి కాస్త వాలేట్టు ఎలైన్‌మెంట్ చేస్తారు, మలుపులో కారు పక్కకి ఒరిగినప్పుడు టైరు నిండుగా నేలకి ఆనడానికి. రోడ్డు మీద ఇలా పెడితే టైరు లోపలి అంచు తొందరగా అరిగిపోతుంది.

అసలు సంగతి పంజరం. కారు బోర్లా పడినా లోపలి చోటు నలగకుండా ఉక్కు గొట్టాలతో కట్టే గూడు ఇది. మియాటా బరువున్న కార్లకి సుమారు ఒకటిన్నర అంగుళం లావు, 2.4 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం వాడతారు. డ్రైవరు వెనక పెద్ద కమాను ఒకే గొట్టాన్ని వంచి చెయ్యాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. దానికి అడ్డంగా ఏటవాలు గొట్టం, వెనక్కి రెండు ఊతలు, ముందు అద్దం చుట్టూ ఒకటి, తలుపుల దగ్గర అడ్డ గొట్టాలు. గొట్టాన్ని తిన్నగా నేల రేకుకి అతికించరు, కింద ఉక్కు పలక వేసి దాని మీద నిలబెడతారు. లేకపోతే బోల్తా పడ్డప్పుడు పలుచటి రేకుని చీల్చుకుని కిందికి దిగిపోతుంది. సీటు బిగించి, డ్రైవరుని హెల్మెట్‌తో కూర్చోబెట్టి, అతని తల కంటే కమాను కనీసం రెండు అంగుళాలు ఎత్తుండేట్టు చూసుకోవాలి. పొడుగాటి వాళ్ళకి మియాటాతో ఇక్కడే పేచీ.

గొట్టం మందం పైకి కనపడదు కదా, పలుచటిది వేసి మోసం చేస్తే? అందుకు నియమం భలే పెట్టారు. బరువు పడని చోట అయిదు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం చేసి ఉంచాలి. పరీక్ష చేసేవాళ్ళు అందులోంచి మందం కొలుస్తారు. మన వైపు జీపుల మీద జనం కూర్చోడానికి నీళ్ళ పైపులతో వెల్డింగు చేసిన కమ్మీలకి ఇలాంటి పరీక్ష ఏదీ లేదు. పట్టుకోడానికి బాగానే ఉంటాయి. బండి దొర్లితే అవి వెల్డింగు దగ్గరే ఊడతాయి.

ఒక మాట జాగ్రత్తగా చదవండి. ఈ పంజరం రేసులో కాపాడుతుంది, రోడ్డు మీద చంపుతుంది. ఎందుకంటే గొట్టం తలకి జానెడు దూరంలో ఉంటుంది. రేసులో డ్రైవరుకి హెల్మెట్ ఉంటుంది, భుజాల మీదుగా, నడుముకి, తొడల మధ్య నుంచి కట్టిన బెల్టులు కదలనివ్వవు, గొట్టానికి గట్టి స్పాంజి చుట్టి ఉంటుంది. అదే కారులో బోడి తలతో బజారుకి వెళ్ళి చిన్న గుద్దు తగిలినా ఉక్కు గొట్టానికి తల కొట్టుకుంటుంది. పంజరం కట్టిన కారుని చాలామంది అందుకే మళ్ళీ రోడ్డు ఎక్కించరు. రేసు బాటకి దాన్ని ట్రైలరు మీద ఎక్కించి తీసుకెళ్తారు.

హెల్మెట్ వెనక ఒక కథ ఉంది. 1956లో పీట్ స్నెల్ అనే అమెచ్యూర్ డ్రైవరు అమెరికాలో రేసులో చనిపోయాడు. ఆయన పెట్టుకున్న హెల్మెట్ తలని కాపాడలేకపోయింది. 1957లో ఆయన పేరు మీద ఒక సంస్థ పెట్టి, హెల్మెట్లని దెబ్బ కొట్టి పరీక్షించడం మొదలుపెట్టారు. స్నెల్ ముద్ర ఉన్న హెల్మెట్‌కి ఇప్పటికీ ఎన్నో రేసుల్లో విలువ.

తర్వాత మెడ. బెల్టు ఛాతీని ఆపుతుంది, తల మాత్రం ముందుకి పోతుంది, హెల్మెట్ బరువుతో సహా. పుర్రె అడుగుభాగం విరిగి చనిపోయిన వాళ్ళున్నారు. రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరు, ఆయన బావ వరసయ్యే రేసు డ్రైవరు జిమ్ డౌనింగ్ కలిసి 1980ల్లో హాన్స్ అనే పరికరం చేశారు. కాడిలాగ భుజాల మీద కూర్చుంటుంది, బెల్టులు దాన్ని నొక్కిపెడతాయి, రెండు పట్టీలు హెల్మెట్‌ని దానికి కట్టి ఉంచుతాయి. కానీ ఇబ్బందిగా ఉందని ఏళ్ళ తరబడి చాలామంది వేసుకోలేదు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో, చివరి చుట్టులో, డేల్ ఎర్న్‌హార్ట్ అనే మహా పేరున్న డ్రైవరు గోడకి గుద్దుకుని పుర్రె విరిగి చనిపోయాడు. ఆయన మెడకి అలాంటిది ఏదీ లేదు. ఆ ఏడాది అక్టోబరులో ఆ పెద్ద రేసులు నడిపేవాళ్ళు అలాంటి పరికరాన్ని తప్పనిసరి చేశారు. వస్తువు ఉండి కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూశారన్నమాట. హ్యాండిల్‌కి హెల్మెట్ తగిలించుకుని బండి నడిపే మా అన్నయ్యకి ఈ పేరా చదివి వినిపించాను. నవ్వాడు. పండక్కి వచ్చినప్పుడు మళ్ళీ చదువుతాను.

ఇవన్నీ అయ్యాక మంటలార్పే సిలిండరు, కిటికీకి వల, ముందూ వెనకా లాగడానికి కొక్కేలు. బయటి నుంచి కూడా అందేట్టు ఒక స్విచ్ పెడతారు. దాన్ని తిప్పితే ఇంజనుతో సహా కరెంటంతా ఆగిపోవాలి. నీలం త్రికోణంలో ఎర్రటి మెరుపు బొమ్మ ఉంటే ఆ స్విచ్ అక్కడుందని గుర్తు. అప్పుడు కారుకి తనిఖీ. బెల్టుల మీద తేదీ చూస్తారు, గుడ్డ ఎండకీ వయసుకీ నీరసిస్తుంది కాబట్టి గడువు దాటితే పక్కన పెట్టెయ్యాలి. కారుకి ఒక పుస్తకం ఇస్తారు, దెబ్బ తగిలిన ప్రతిసారీ అందులో రాస్తారు. మన హెల్త్ కార్డు లాంటిది. డ్రైవరు కూడా ముందు రేసు బడిలో నేర్చుకుని పాసవ్వాలి.

మన దక్షిణాది వాళ్ళు ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల పట్టీ మీద రేసులు పెట్టుకునేవారు. తర్వాత శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేసు కోసమే బాట కట్టారు, 1990లో తెరిచారు. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సుకి వెళ్దామనుకునే పదో తరగతి వాళ్ళు గుర్తుంచుకోండి. ఇలాంటి కారు దగ్గర డ్రైవరు ఒక్కడే ఉంటాడు, వెల్డింగు చేసేవాళ్ళు, ఎలైన్‌మెంట్ చూసేవాళ్ళు, తనిఖీ చేసేవాళ్ళు చాలామంది ఉంటారు.

పంజరం బొమ్మ ఈ చార్టు కింద కుడి మూలన ఉంది. ఎర్ర గీతలు గొట్టాలు, ఆకుపచ్చ గీతలు బెల్టులు, నల్ల చుక్క ఆ తనిఖీ రంధ్రం. సందేహాలు కాగితం మీద రాసి ప్రశ్నల డబ్బాలో వెయ్యండి. బొమ్మ మీద మాత్రం రాయొద్దు, రంగులు అయిపోయాయి.