సీసా నల్లబడ్డాకే అసలు లెక్క

మా అరకు గెడ్డ నీళ్లు అద్దంలా ఉంటాయి. టూరిస్టులు ఫొటో తీసుకుని పోతారు, మేం బిందెతో ముంచుకుని తాగుతాం. తేట నీళ్లు వేరు, మంచి నీళ్లు వేరు. ఈ ముక్క పుస్తకంలో ఉందని చెప్తే ఏ గుంటడూ నమ్మడు. చేత్తో పరీక్ష చేయిస్తే నమ్ముతాడు.

దానికి హెచ్‌టూఎస్ సీసా చాలు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ వాళ్లు, మంజా, మౌర్య, రావు, 1982లో బయటపెట్టిన పరీక్ష అది. సీసాలో మందు పట్టించిన కాగితం ఉంటాది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకట్రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. మలంతో పాటు వచ్చే క్రిములుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి నీళ్లు నల్లబడతాయి. మన కొండల మీద ఒక చిక్కుంది. 30 డిగ్రీల పైన వేడి ఉంటేనే పరీక్ష సరిగ్గా పని చేస్తాది. పుష్యమాసం చలిలో కిటికీ మీద పెడితే సీసా నల్లబడదు, నీళ్లు బాగున్నాయని మనం మోసపోతాం. గుడ్డ చుట్టి పొయ్యికి కొంచెం ఎడంగా పెట్టాలి. అయ్యాక బ్లీచింగ్ కలిపి దూరంగా పారబొయ్యాలి.

సరే, నల్లబడింది. మరి ప్రమాదం ఎంత? నన్నడిగితే చదువు ఇక్కడ మొదలవాలి. రెండు ఊటలున్నాయి అనుకోండి. ఒకటి ఒక్క రోజులోనే నల్లబడింది, కానీ అక్కడ బట్టలే ఉతుకుతారు. రెండోది రెండో రోజుకి నల్లబడింది, ఆ నీళ్లు అంగన్‌వాడీ పిల్లలు కాచకుండా తాగుతన్నారు. ముందు బాగు చెయ్యాల్సింది రెండోదే. క్రిమి ఉండడం ఒకటి, అది ఎవరి కడుపులోకి ఎంత పోతందన్నది ఇంకొకటి. ఈ రెండూ కలిస్తేనే ప్రమాదం.

తర్వాత పిల్లల చేత ఊరి పటం గీయించాలి. ఊటకి పైన పశువుల శాల ఉందా, మరుగుదొడ్డి ఉందా, వాన నీరు ఎటు పారతంది, ఎవరింట్లో విరోచనాలు? 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావులు ఎక్కడెక్కడ జరిగాయో చూసి ఒక బోరింగు దాకా వెళ్లాడు, ఆ తర్వాత వాటిని పటం మీద గుర్తు పెట్టి చూపించాడు.

ఒక మాట మర్చిపోకండి, ఈ సీసా పురుగుమందుల సంగతి చెప్పదు, ఫ్లోరైడ్ సంగతీ చెప్పదు. పురుగుమందులకైతే ల్యాబే గతి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పాలని ఉంది. మీ ఊర్లో ఆ అయిదుగురూ ఎవరో, కిట్టు ఎక్కడుందో సచివాలయంలో అడగండి. ఈలోగా అంగన్‌వాడీ నీళ్లు తెర్లేదాకా కాచండి. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లే కాబట్టి, తెర్లాక ఒక్క నిమిషం ఉంచితే సరిపోద్ది.