దక్షిణ తెలంగాణ చెలకల్లో టర్కీ కోళ్ళు: గుడ్డు పొదిగించే కాలం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాలలో టర్కీ కోళ్ళు పెంచదలచిన చిన్న రైతుకు ఎదురయ్యే మొదటి చిక్కు మేత కాదు, రోగమూ కాదు. పెద్ద కోళ్ళు చెలక మీద బాగానే తిరుగుతాయి, గుడ్లు పెడతాయి. గుడ్లు మాత్రం పిల్లలు కావు. అటువంటప్పుడు పొదుగు యంత్రాన్ని మార్చుకోమని సలహా ఇవ్వడం పరిపాటి. యంత్రంలో లోపం ఉంటే ఉండవచ్చు. అయితే గుడ్డును విత్తనంగా చూసే సస్యశాస్త్రజ్ఞునికి ముందుగా తోచే ప్రశ్న వేరు. ఈ విత్తనం ఏ నెలలో చేతికి వచ్చింది? విత్తే నాటి వరకు ఎక్కడ, ఎంత వేడిలో ఉన్నది? పశువైద్య శాస్త్రజ్ఞుల రంగంలో ఇది చొరబాటుగా తోచవచ్చును గాని, అదను విషయం మాకు కొంత పరిచితమే.

టర్కీ అమెరికా ఖండపు పక్షి. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన టర్కీ పుంజును చూసి జహంగీర్ చక్రవర్తి దాని తల, మెడ రంగులు మారే తీరును తన స్వీయచరిత్రలో వర్ణించాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దానిని చిత్రించాడు. మన దేశానికి వచ్చి నాలుగు శతాబ్దాలు దాటినా, ఈ పక్షి గుడ్లు పెట్టే కాలాన్ని నేటికీ పగటి నిడివే శాసిస్తున్నది. పొద్దు పెరిగే కాలంలో అది గుడ్లకు వస్తుంది. శీతల దేశాలలో అది వసంతం. మన మండలంలో పొద్దు పెరగడమంటే ఎండ ముదరడం. ఫిబ్రవరిలో మొదలైన గుడ్లు మార్చి, ఏప్రిల్, మే నెలల్లో, అంటే పగటి వేడి 36 డిగ్రీల నుండి 42–44 డిగ్రీలకు ఎక్కే రోజుల్లో ముమ్మరమవుతాయి.

పెట్టిన గుడ్డులోని పిండం నిద్రాణంగా ఉండాలంటే వేడి సుమారు 20 డిగ్రీలకు మించరాదు. అంతకు మించితే పిండం కొంత పెరుగుతుంది, రాత్రి చల్లబడగానే ఆగుతుంది, మరునాడు మళ్ళీ కదులుతుంది. ఇలా నాలుగైదు రోజులు గడిచిన గుడ్డు యంత్రంలోకి చేరేసరికే సగం చచ్చి ఉంటుంది. తడిసి మొలకెత్తి ఆరిన జొన్న గింజను విత్తినట్లే. పొదిగించే గుడ్లను 13–15 డిగ్రీల వద్ద, సన్నని కొన కిందికి ఉండేట్లు, వారం రోజులకు మించకుండా నిల్వ చేయాలని శాస్త్రం చెబుతున్నది. ఇంటి ఫ్రిజ్ 4–5 డిగ్రీలు ఉంటుంది. అది తినే గుడ్డుకే తగినది. కుండలో కుండ పెట్టి, నడుమ ఇసుక నింపి తడిపితే ఎండు గాలిలో సుమారు 10 డిగ్రీలు తగ్గించవచ్చు. జనవరిలో అది చాలు. ఏప్రిల్‌లో 40 నుండి 30కి దించినా పిండానికి ఒరిగేదేమీ లేదు.

కాబట్టి యంత్రం కంటే ముందు కాలాన్ని మార్చాలి. మన అక్షాంశంలో డిసెంబరు చివరి పగలు సుమారు 11 గంటలు. డిసెంబరు మొదటి నుండి చీకటి పడగానే కోళ్ళ గదిలో మూడు గంటలు బల్బు వెలిగిస్తే 14 గంటల వెలుతురు అవుతుంది. రెండు మూడు వారాలలో పెట్టలు గుడ్లకు వస్తాయి. పుంజుకు వీర్యం సిద్ధం కావడానికి ఎక్కువ వ్యవధి పడుతుంది. దానికి రెండు వారాలు ముందే వెలుతురు ఇవ్వడం మేలు. జనవరి, ఫిబ్రవరి గుడ్లన్నిటినీ వారం వారం పొదుగుకు పెట్టి, మార్చి రెండో వారంతో ఆపివేయాలి. ఆ తరువాతి గుడ్లను తినడానికో అమ్మడానికో వాడుకోవడమే లాభం.

ఈ పంచాంగం మిగతా పనులకూ కుదురుతుంది. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ మొదటి వారం వరకు పుట్టిన పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి; తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తారు. ఆ రోజుల్లో పగటి పూట బ్రూడర్ కరెంటు ఖర్చు చాలా వరకు మిగులుతుంది. మే నెల మాత్రం నీడ, చల్లని నీళ్ళతో గట్టెక్కించాలి. మృగశిర కార్తెకు గడ్డి మొలిచే వేళకు పిల్లలు బయట మేయగల వయసుకు వస్తాయి. క్రిస్మస్ నాటికి పుంజులు అమ్మకానికి సిద్ధం. మార్చి రెండో వారంలో పుట్టిన పెట్టకు అక్టోబరులో 30 వారాలు నిండుతాయి. అప్పటి నుండి నవంబరు వరకు అనుభవించిన చిన్న పగళ్ళ వల్లనే డిసెంబరు బల్బుకు అది చక్కగా స్పందిస్తుంది.

ఒక పుంజు, ఐదు పెట్టల కుటుంబం చిన్న కమతానికి చాలు. ఒక్కో పెట్ట వారానికి మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. జాతి ఎంపికలో మోజుకు పోరాదు. విశాలమైన రొమ్ముతో పెంచిన భారీ జాతులకు సహజ సంపర్కం కష్టం. గుడ్లలో పిండమే ఉండదు. బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ వంటి చిన్న జాతి మేలు.

పొదుగు కాలం 28 రోజులు. యంత్రంలో 37.5 డిగ్రీలు, 55–60 శాతం తేమ ఉంచి, రోజుకు కనీసం నాలుగు సార్లు గుడ్లు తిప్పాలి. 25వ రోజున తిప్పడం మాని తేమను 70 శాతానికి పెంచాలి. తేమ కొలిచే చవక పరికరాలను నమ్ముకోవడం కంటే వంటింటి తూకం ఎక్కువ నమ్మకమైనది. గుడ్డు 25వ రోజుకు తన బరువులో సుమారు 12 శాతం కోల్పోవాలి. 85 గ్రాముల గుడ్డు 7వ రోజుకు 82, 14వ రోజుకు 79, 25వ రోజుకు 75 గ్రాములు తూగితే తేమ సరిపోయినట్లే. ఇంకా తేలికైతే నీటి పళ్ళెం వెడల్పు పెంచాలి. మన ఫిబ్రవరి, మార్చి గాలికి తరచుగా పెంచవలసే వస్తుంది.

యంత్రం లేనివారు నాటు పెట్ట కింద గంపలో ఆరేడు టర్కీ గుడ్లు పెట్టవచ్చు. పొదగడంలో నాటు పెట్టను మించినది లేదు. కాని ఇక్కడే ఒక ప్రమాదం ఉన్నది. కోళ్ళ పేగులలో ఉండే హెటిరాకిస్ నట్టల గుడ్లు నల్లతల వ్యాధి క్రిమిని మోస్తాయి. కోడికి దాని వల్ల పెద్దగా హాని లేదు. టర్కీ పిల్లల కాలేయం మాత్రం పుండ్లు పడి మందలు మందలుగా చనిపోతాయి. ఆ నట్టల గుడ్లు మట్టిలో సంవత్సరాల తరబడి బతుకుతాయి. కాబట్టి పెట్టను కూర్చోబెట్టే ముందు నట్టల మందు తాగించాలి, పిల్లలు పొడవగానే తల్లి నుండి వేరు చేయాలి, మొదటి ఎనిమిది వారాలు నేలకు తగలకుండా చెక్క మంచె మీద పెంచాలి. తరువాత కూడా నాటు కోళ్ళు తిరగని చెలకలోనే మేపాలి. ఊరి మధ్య, ఇంటింటా కోళ్ళున్న పెరట్లో టర్కీలు పెట్టుకోమని విస్తరణ సిబ్బంది సలహా ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కొక్కెర తెగులు, మశూచి టీకాలు స్థానిక పశువైద్యుని సూచన ప్రకారం వేయించాలి.

టర్కీ పిల్ల ఎదురుగా మేత ఉన్నా తినడం తెలియక ఆకలితో చస్తుంది. మేత పళ్ళెంలో రంగు గోలీలు వేసి, ఉడికించిన గుడ్డును పచ్చి ఆకుతో కలిపి చల్లి, వేలితో తట్టి చూపించాలి. పొద్దస్తమానం వాటి దగ్గర ఉండగల మనిషి మొదటి రెండు వారాలు ఇంట్లో లేకపోతే ఈ పనికి పూనుకోరాదు.

పిల్లల దాణాలో సుమారు 28 శాతం మాంసకృత్తులు కావాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాలలో అందుకు చేతికందేది పల్లి చెక్క. ఇక్కడ 1960 నాటి సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఏడు ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు కారణం తెలియకుండా చనిపోయాయి. వ్యాధి పేరు తెలియక దానిని టర్కీ ఎక్స్ అన్నారు. చివరకు దోషం బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ పిండిలో తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడిచిన ఆ విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. పంట చివర బెట్ట తగిలిన కాయలలో ఈ బూజు పొలంలోనే చేరుతుంది. ఆరకుండా బస్తాలకెత్తితే ఇంట్లో పెరుగుతుంది. నాణ్యమైన కాయలను అమ్ముకొని, ముడుచుకున్న, రంగు మారిన గింజలను గానుగకు పంపడం రైతుకు అలవాటు. ఆ చెక్కే కోళ్ళకు వస్తుంది. నాటు కోడి తట్టుకునే మోతాదు టర్కీ తట్టుకోలేదు. పరీక్ష చేయించని పల్లి చెక్కను పిల్లలకు వేయకపోవడమే క్షేమం. సోయా చెక్క ఖరీదైనా తప్పదు. వేడి చేస్తే ఈ విషం పోతుందనే నమ్మకం సరికాదు.

ఎదిగిన టర్కీలు మిడతలు, చెదలు, పచ్చి ఆకు ఇష్టంగా తింటాయి. జొన్న, సజ్జ నూకలు అదనంగా వేస్తే చాలు. అయితే ఈ రెండు జిల్లాల చేలలో పత్తి విస్తారం, ఒకప్పుడు విస్తారంగా ఉండిన ఆముదం ఇప్పుడు తగ్గినా అక్కడక్కడ ఉంటుంది. ఆముదం గింజలోని రైసిన్ పక్షులకు ప్రాణాంతకం కాబట్టి కాయలు పగిలి గింజ రాలే రోజుల్లో ఆ చేనులోకి మందను తోలరాదు, ఆముదపు చెక్కను దాణాలో కలపరాదు. పత్తిలో పురుగు మందు కొట్టిన నాడు నేలరాలిన పురుగులను టర్కీలు వెతికి మరీ తింటాయి. పక్క చేను వేరే రైతుదైతే, అతడు మందు కొట్టే రోజును ముందుగా కనుక్కొని ఆ వారమంతా మందను కట్టడిలో ఉంచాలి.