కవ్వాల్ పులి నీలంగా కనిపిస్తే

జన్నారం దగ్గరి కవ్వాల్ టేకు అడవిలో కొన్ని చెట్ల మొదళ్లకు, మోకాలెత్తున, చిన్న పెట్టెలు కట్టి ఉంటాయి. అవి ట్రాప్ కెమెరాలు. ఎదుట వేడి ఒళ్లున్న ప్రాణి కదిలితే వాటంతటవే ఫొటో తీస్తాయి. పులుల లెక్కింపు కోసమైతే వాటిని బాటకు రెండు వైపులా జతగా పెడతారు. పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, రెండు పక్కల ఫొటోలూ దొరికితే అది ఏ పులో గట్టిగా తేల్చవచ్చు.

కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా పులులు ఇటు వస్తుంటాయి. అలా కొత్తగా వచ్చిన పులి ఒక కెమెరా ముందు నుంచి ఒక్కసారే నడిచి వెళ్లిపోవచ్చు. ఆ ఒక్క ఫొటో చేజారితే ఆ పులి వచ్చిన సంగతే నమోదు కాదు. ఇక్కడ చెప్పబోయేవి చూడటానికి చిన్న సాంకేతిక విషయాలే అయినా, వాటి వెనక ఉన్నది ఆ ఒక్క ఫొటో.

ఫొటోలు ఎన్ని వస్తాయో చూద్దాం. 2022 జాతీయ పులుల లెక్కింపులో దేశమంతటా 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. వచ్చిన ఫొటోలు 4,70,81,881. వాటిలో పులి కనిపించినవి 97,399. అంటే వెయ్యి ఫొటోలు తిరగేస్తే రెండింటిలో పులి. తక్కినవి దుప్పులు, అడవి పందులు, మేతకు వచ్చిన పశువులు, బాటసారులు, ఎండకు వేడెక్కి గాలికి ఊగిన గడ్డి. ఇన్ని ఫొటోలను మనిషి కంటితో ఒక్కొక్కటిగా ఏరడం నెలల పని. అందుకే ఈ ఏరివేతను ఇప్పుడు చాలావరకు కంప్యూటర్‌కు అప్పగిస్తున్నారు. 2018 లెక్కింపు నుంచే కాట్‌రాట్ అనే సాఫ్ట్‌వేర్ జాతులవారీగా ఫొటోలను వేరుచేస్తోంది. అందరికీ ఉచితంగా దొరికే మెగాడిటెక్టర్ అనే నమూనా (మోడల్) ఇంకోటి ఉంది. అది జాతి పేరు చెప్పదు. ఫొటోలో జంతువు ఉందా, మనిషి ఉన్నాడా, వాహనం ఉందా అనే మూడే చూసి, ఉన్నచోట చుట్టూ ఒక గడి గీస్తుంది. ఖాళీ ఫొటోలను పక్కకు తీయడానికి అది చాలు. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివే విద్యార్థి కూడా తన ల్యాప్‌టాప్‌లో దాన్ని నడపవచ్చు.

ఫొటోలో ఏ వస్తువు ఎక్కడుందో గుర్తించడాన్ని ఆబ్జెక్ట్ డిటెక్షన్ అంటారు. ఈ పనికి లైబ్రరీలు దొరుకుతాయి. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టగా మనం మన కోడ్‌లోంచి పిలిచి వాడుకునే ప్రోగ్రాముల కట్ట. ఈ లైబ్రరీలు లోపల ఎలా ఆలోచిస్తాయన్నది పెద్ద శాస్త్రం. దాన్ని వేరేగా చదువుకోవచ్చు. మనం చూడబోయేది గుమ్మం దగ్గరి పని: ఫొటోను లైబ్రరీ చేతికి ఎలా అందించాలి? కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

మొదట, ఫొటో అంటే ఏమిటి? కెమెరా మెమరీ కార్డులో ఉన్న జేపెగ్ ఫైలు గట్టిగా మడిచిన మూట వంటిది. దాన్ని విప్పితే చుక్కలు బయటపడతాయి. వాటినే పిక్సెల్స్ అంటాం. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు సంఖ్యలుంటాయి. 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు ఉన్న ఫొటో విప్పితే 3 కోట్ల 60 లక్షల సంఖ్యలు. లైబ్రరీకి చివరికి చేరేది ఈ సంఖ్యలే. పులి అనే మాట గానీ, అడవి అనే మాట గానీ వాటితో పాటు వెళ్లదు.

ఆ సంఖ్యలు కంప్యూటర్ జ్ఞాపకంలో బారుగా, ఒకే దారంలా ఉంటాయి. సిరిసిల్ల మగ్గం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పేక నూలు అంచు దాకా వెళ్లి, అక్కడ మళ్లి, కింది వరుస అవుతుంది. ఎక్కడ మళ్లాలో తెలిస్తేనే గుడ్డ, గుడ్డలో పువ్వు. ఫొటోకు కూడా వెడల్పు ఎంతో చెబితేనే దారం బొమ్మవుతుంది. వెడల్పు ఒక్క చుక్క తప్పు చెప్పినా ప్రతి వరుసా కొంచెం పక్కకు జరిగి, పులి ఏటవాలు గీతలుగా సాగిపోతుంది.

ఇక్కడే మొదటి చిక్కు. సంఖ్యల పట్టికలకు వాడే నంపై అనే లైబ్రరీ కొలతలను ఎత్తు, వెడల్పు, రంగులు అనే వరుసలో చెబుతుంది. ఫొటోలు తెరిచే పిల్లో అనే లైబ్రరీని కొలత అడిగితే వెడల్పు ముందు, ఎత్తు తర్వాత చెబుతుంది. పైటార్చ్ అనే లైబ్రరీతో కట్టిన నమూనాలు లోపల రంగుల పొరలను ముందు పెట్టుకుని, తర్వాత ఎత్తు, వెడల్పు అడుగుతాయి. ఒక వరుస నుంచి ఇంకో వరుసకు మార్చేటప్పుడు ట్రాన్స్‌పోజ్ అనే ఆదేశం వాడాలి. అది ప్రతి సంఖ్యనూ దాని కొత్త చోటికి సరిగ్గా చేరుస్తుంది. రీషేప్ అనే ఆదేశం అదే దారాన్ని కొత్త చోట మడుస్తుందంతే, బొమ్మ చెదిరిపోతుంది. రెండింటి తర్వాతా కొలతలు అడిగితే జవాబు ఒకటే వస్తుంది. కాబట్టి కొలతలు సరిపోయాయని బొమ్మ సరిగా ఉందనుకోవడానికి లేదు.

రెండో చిక్కు రంగుల వరుస. ఇది మరీ కనిపెట్టలేనిది కాబట్టి కాస్త నిలబడి చూడాలి. ఎక్కువమంది వాడే ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ ఫొటోను తెరిచినప్పుడు నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరుసలో సంఖ్యలిస్తుంది. అది రూపుదిద్దుకుంటున్న రోజుల్లో కెమెరాల తయారీదారులు, విండోస్ బొమ్మల ఫైళ్లు ఆ వరుస వాడేవి. ఆ అలవాటే మిగిలింది. పిల్లో మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే వరుస ఇస్తుంది. తీసుకునే వైపు కూడా ఒక్క తీరు లేదు. యోలో అనే గుర్తింపు నమూనా ఉంది. 2020లో వచ్చిన దాని 5వ రూపాన్ని పైటార్చ్ హబ్ అనే నమూనాల భాండారం నుంచి తెచ్చుకుని నంపై పట్టిక అందిస్తే, ఎరుపు ముందుండాలి. 2023లో వచ్చిన యోలో 8వ రూపానికి నంపై పట్టిక అందిస్తే, నీలం ముందుండాలి. పాత కోడ్‌లో పేరొక్కటి మార్చి కొత్తది నడిపితే రంగులు తారుమారైనట్టే.

అలా తారుమారైతే ఏమవుతుంది? పులి ఒంటి మీది నారింజ రంగు చుక్క ఒకటి ఎరుపు 210, ఆకుపచ్చ 130, నీలం 50 అనుకుందాం. వరుస తిరగబడితే ఎరుపు 50, నీలం 210 అవుతాయి. పులి నీలంగా మారుతుంది. ఆకుపచ్చ మాత్రం నడుమనే ఉండిపోతుంది, అందుకని చెట్ల ఆకులు పెద్దగా మారవు. పచ్చటి అడవిలో నీలి పులి. లైబ్రరీ దీనికేమీ అభ్యంతరం చెప్పదు. ఒంటి ఆకారం, చారలు అలాగే ఉంటాయి కాబట్టి చాలాసార్లు జంతువును గుర్తిస్తుంది కూడా. కాకపోతే ప్రతి గడికీ తాను ఇచ్చే నమ్మకపు విలువ తగ్గవచ్చు. మనం పెట్టుకున్న హద్దుకు కిందపడ్డ ఫొటోలు ఖాళీవాటిలో కలిసిపోతాయి. మొత్తం పాడైతే వెంటనే తెలిసేది. కొంత పాడైతే తెలియదు.

ఇంకో సంగతి. రాత్రి ఫొటోలను ట్రాప్ కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో, నలుపు తెలుపుల్లో తీస్తాయి. అక్కడ ప్రతి చుక్కలోనూ మూడు సంఖ్యలూ దాదాపు సమానం. వరుస తిప్పినా ఏమీ మారదు. పులి ఎక్కువగా తిరిగేది రాత్రే కాబట్టి, మనం పరీక్షకు ఎంచుకునే ఫొటోలు కూడా రాత్రివే అవుతాయి. అన్నీ సరిగా వస్తాయి. కోడ్ బాగుందని పక్కన పెడతాం. తప్పు పగటి ఫొటోల కోసం ఎదురుచూస్తుంటుంది. అందుకే పరీక్షకు ఎండలో తీసిన ఫొటో ఒకటి తప్పనిసరి.

మూడోది సంఖ్యల కొలబద్ద. ఫైలులో విలువలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. నమూనా లోపల 0 నుంచి 1 దాకా కావాలి. కొన్ని లైబ్రరీలు నంపై పట్టిక ఇస్తే తామే 255తో భాగిస్తాయి. పైటార్చ్ పట్టిక, అంటే టెన్సర్, ఇస్తే మనమే భాగించి ఉంటామనుకుంటాయి. ఇద్దరూ భాగిస్తే మిగిలేది చిమ్మచీకటి.

తర్వాత పరిమాణం. మెగాడిటెక్టర్ 5వ రూపం ఫొటోను 1,280 చుక్కలకు తగ్గించి చూస్తుంది. మన 4,000 చుక్కల వెడల్పు 0.32 వంతుకు దిగుతుంది. దూరంగా నిల్చున్న కణుజు 100 చుక్కల వెడల్పు ఉంటే 32 చుక్కలే మిగులుతుంది. వేగం కోసం 640 పెట్టుకుంటే 16. అంతలో దాన్ని పొద నుంచి వేరుచేయడం కష్టం. ఫొటో చతురస్రం కాదు కాబట్టి సాగదీయకుండా, పైనా కిందా బూడిదరంగు పట్టీలు చేర్చడం ఒక పద్ధతి. 1,280 వెడల్పుకు ఎత్తు 960 వస్తే, పైన 160, కింద 160. ఈ పని మనమే చేసి అందిస్తే, తిరిగొచ్చిన గడిని కూడా మనమే వెనక్కి లెక్కించాలి. గడి మూల అడ్డంగా 320, నిలువుగా 480 దగ్గర ఉందంటే, అసలు ఫొటోలో అడ్డంగా 320ని 0.32తో భాగిస్తే 1,000. నిలువుగా ముందు 160 తీసేసి భాగించాలి, అదీ 1,000. తీసేయడం మరిస్తే గడి 500 చుక్కలు కిందికి జారి పులిని వదిలి గడ్డి మీద కూర్చుంటుంది.

ఇన్ని చిక్కులెందుకు, ఫైలు ఎక్కడుందో చెప్పి లైబ్రరీనే తెరుచుకోమంటే పోదా అని అడగవచ్చు. నిజమే, వీలైనప్పుడల్లా అదే మంచి దారి. తెరిచేదీ చదివేదీ ఒకరే అయితే వరుసల గొడవ ఉండదు. కానీ వీడియోలోంచి ఒక్కో చిత్రం తీసి ఇవ్వాలన్నా, ఫొటో అడుగున తేదీ, ఉష్ణోగ్రత ముద్రించిన పట్టీని కత్తిరించి ఇవ్వాలన్నా, సంఖ్యలను మనమే అందించక తప్పదు.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. విండోస్ కంప్యూటర్‌లో ఫోల్డర్ పేరు తెలుగు లిపిలో పెడితే, ఓపెన్‌సీవీలో ఫొటో తెరిచే ఆదేశం ఆ దారిని చదవలేకపోవచ్చు. అప్పుడు అది ఆగిపోదు. ఫొటోకు బదులు ఖాళీ విలువను చేతికిస్తుంది. తప్పు ఎక్కడో తర్వాతి వరుసలో, వేరే మాటల్లో బయటపడుతుంది. పేరు మార్చుకోనవసరం లేదు. ఫైలును ముందు నంపైతో ముడి బైట్లుగా చదివి, ఆ బైట్లను ఓపెన్‌సీవీ విప్పే ఆదేశానికి ఇస్తే సరిపోతుంది. మన భాషలో ఫోల్డర్ పేరు పెట్టుకునే హక్కు మనకుంది, రెండు వరుసల కోడ్ అదనంగా రాస్తే చాలు.

వీటన్నిటికీ కలిపి పనికొచ్చే పరీక్ష ఒకటే ఉంది. లైబ్రరీకి అందించడానికి సరిగ్గా ముందు క్షణంలో చేతిలో ఉన్న సంఖ్యలను, లైబ్రరీ అడిగే వరుసలోనే ఉన్నాయనుకుని, మళ్లీ ఫొటోగా భద్రపరిచి తెరవాలి. భద్రపరిచే ఆదేశం ఏ వరుస కోరుతుందో కూడా చూసుకోవాలి. ఎరుపు ముందు కోరే లైబ్రరీకి అందించేటప్పుడు, ఓపెన్‌సీవీతో చదివి ఓపెన్‌సీవీతోనే రాస్తే నీలి పులి మళ్లీ నారింజై మనల్ని మోసం చేస్తుంది. పిల్లోతో రాస్తే నిజం తెలుస్తుంది. జంతువు ఎక్కడుందో మనకు ముందే తెలిసిన పగటి ఫొటో ఒకటి, రాత్రిది ఒకటి, ఖాళీది ఒకటి తీసుకుని, వచ్చిన గడులను అసలు ఫొటోల మీద గీసి చూడాలి. పగటి ఫొటోలో దుప్పి తన రంగులో ఉండి, గడి దాని ఒంటి చుట్టూ సరిగ్గా పట్టిందంటే, ఇక కెమెరా కార్డు మొత్తం ఎక్కించవచ్చు.