వార్తల్లో పదం: ఈక్వల్ రైట్స్ అమెండ్‌మెంట్ (ఈఆర్ఏ)

చట్టం కింద సమాన హక్కులను లింగం ఆధారంగా ఎవరికీ నిరాకరించరాదని అమెరికా రాజ్యాంగంలో చేర్చేందుకు ప్రతిపాదించిన సవరణ ఇది. మహిళా హక్కుల ఉద్యమకారిణి ఆలిస్ పాల్ చొరవతో 1923లో తొలిసారి అమెరికా చట్టసభ కాంగ్రెస్ ముందుకొచ్చింది. 1971లో ప్రతినిధుల సభ, 1972లో సెనేట్ ఆమోదించాయి. అమలుకు 38 రాష్ట్రాల ఆమోదం అవసరం. 1982 గడువు నాటికి 35 మాత్రమే ముందుకొచ్చాయి. తర్వాత నెవాడా (2017), ఇల్లినాయి (2018), వర్జీనియా (2020) ఆమోదించడంతో లెక్క 38కి చేరింది. అయితే గడువు ముగియడం, కొన్ని రాష్ట్రాలు ఆమోదాన్ని వెనక్కి తీసుకోవడం వివాదాలయ్యాయి. 2025 జనవరిలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ దీన్ని 28వ సవరణగా భావిస్తున్నానని ప్రకటించినా, జాతీయ ఆర్కైవ్స్ దాన్ని రాజ్యాంగంలో భాగంగా ప్రచురించలేదు.

స్థానిక సంస్థల పాత్ర: సవరణపై ఓటు వేసే అధికారం నగర, కౌంటీ పాలకమండళ్లకు లేదు. అవి మద్దతు తీర్మానాలు చేస్తాయి. స్థానికులు సమావేశంలో మైకు ముందు తమ వాదన వినిపిస్తారు, సభ్యులు ఓటేస్తారు, ప్రతులు శాసనసభ్యులకు, కాంగ్రెస్ ప్రతినిధులకు వెళ్తాయి. వీటికి చట్టబలం లేకున్నా, ప్రజాభిప్రాయం అధికారికంగా నమోదవుతుంది.

కొన్ని నగరాలు తీర్మానాలతో ఆగలేదు. మహిళలపై వివక్ష నిర్మూలనకు ఉద్దేశించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ‘సీడా’ను అమెరికా నేటికీ ధ్రువీకరించలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం 1998లోనే దాని సూత్రాలతో స్థానిక చట్టం తెచ్చింది. నగర శాఖలు వీధి దీపాల ఏర్పాటును సైతం మహిళల భద్రత కోణంలో సమీక్షించాయి.

లింగ వివక్షను నిషేధించే 15వ అధికరణం మన రాజ్యాంగంలో 1950 నుంచే ఉంది. అమెరికా మహిళలకూ ఆ హామీ స్పష్టంగా దక్కాల్సిందే.