ఆట మగవారిది, తీర్పు ఆమెది

ఖరగ్‌పూర్: రైల్వే పనుల కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ పట్టణంలో ఆటకూ ఉద్యోగానికీ విడదీయరాని బంధం ఉంది. భారత క్రికెట్ మాజీ కెప్టెన్ మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు ఇక్కడ టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన సంగతి విదితమే. ధోనీకి అదొక మజిలీ మాత్రమే. ఆటపై ఆదాయం దాదాపు శూన్యమైన రోజుల్లో మహిళా క్రికెటర్లకు మాత్రం రైల్వే కొలువే జీవనాధారమైంది.

ఇదే రైలుమార్గంలోని జంషెడ్‌పూర్‌లో పెరిగిన తెలుగు మహిళ జి.ఎస్. లక్ష్మి ఇందుకు నిదర్శనం. 1968లో రాజమండ్రిలో జన్మించిన ఆమె బీహార్ జట్టుకు ఆడారు. దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం లభించడంతో రైల్వేస్ జట్టులో కొనసాగారు. భారత్ తరఫున ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ అయినా ఆడకుండానే 2004లో ఆట నుంచి విరమించుకున్నారు.

అయితే మైదానంతో ఆమె అనుబంధం తెగిపోలేదు. 2008-09లో దేశవాళీ మహిళల మ్యాచ్‌లకు రిఫరీగా బాధ్యతలు చేపట్టారు. 2019 మే నెలలో అంతర్జాతీయ క్రికెట్ మండలి రిఫరీల ప్యానెల్‌లో చోటు పొందిన తొలి మహిళగా చరిత్ర కెక్కారు. అదే ఏడాది డిసెంబరు 8న షార్జాలో యు.ఎ.ఇ., అమెరికా పురుషుల జట్ల మధ్య జరిగిన వన్డేకు రిఫరీగా వ్యవహరించారు. పురుషుల వన్డేకు ఒక మహిళ రిఫరీ కావడం అదే ప్రథమం. ఆటగాళ్ల ప్రవర్తనపై విచారణ జరిపి జరిమానా విధించే అధికారం రిఫరీదే కావడం గమనార్హం.

క్రికెట్‌ను పోలిన బేస్‌బాల్‌లో ఈ మార్గం మరింత దుర్గమమైంది. అమెరికాలో మహిళలతో కాంట్రాక్టులు కుదుర్చుకోరాదని 1952లో నిర్వాహకులు నిషేధం విధించారు. అంపైర్ కావాలని కోరిన బెర్నీస్ గెరా ఏళ్ల తరబడి న్యాయపోరాటం చేసి 1972లో మైనర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టారు. సహచర అంపైర్ల సహకారం కొరవడి, ఆ ఒక్క మ్యాచ్‌తోనే రాజీనామా చేశారు. మైనర్ లీగ్‌లలో 1,200కు పైగా మ్యాచ్‌లు నిర్వహించిన జెన్ పావోల్, 2025 ఆగస్టు 9న అట్లాంటాలో మేజర్ లీగ్ మ్యాచ్‌కు అంపైర్ అయిన తొలి మహిళగా నిలిచారు.

చట్టం తలుపు తెరవగలదు గాని, లోపల నిలదొక్కుకోవడానికి ఏళ్ల తరబడి అనుభవం, అంతవరకు ఆదుకునే వేతనం అవసరమని ఈ ఉదంతాలు చాటుతున్నాయి. మన దేశంలో ఆ వేతనాన్ని చిరకాలం సమకూర్చింది రైల్వేలే. మిథాలీ రాజ్ సైతం ఆ నీడలో ఎదిగినవారే.

భారత మహిళా క్రికెట్ 2006లో క్రికెట్ బోర్డు పరిధిలోకి వచ్చింది. పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు చెల్లిస్తామని 2022లో బోర్డు ప్రకటించింది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ ఆరంభమైంది. కాని ఈ సిరులు అందేది కొద్దిమందికే. భారత జట్టు దాకా చేరలేని లక్ష్మి వంటి క్రీడాకారిణులను ఆటలో నిలబెట్టేది నేటికీ నెలజీతమే. ఆ కొలువులు తరిగిపోతే, రేపటి రిఫరీలు ఎక్కడి నుంచి వస్తారన్నదే ప్రశ్న.